గెంటీలు పెట్టుకున్న తల

మెదడు స్కాన్లు చదివే మిషన్‌కు చదువు చెప్పింది నేను. పేరు మాత్రం డాక్టర్ నవనీత్‌ది. చంద్రపూర్‌లో ఈ ప్రైవేటు దవాఖాన ఆయనది. రేపు మంత్రి వచ్చి మిషన్ ప్రారంభిస్తారని గేటు దాకా బ్యానర్లు కట్టించుకున్నదీ ఆయనే. కట్టించుకోనీ. నాకు ఒళ్లు మండింది బ్యానర్లకు కాదు.

ఆ మధ్యాహ్నం జివతి నుంచి రాజక్క వచ్చింది. పత్తి బండి మీద నుంచి పడితే తలకు దెబ్బ తగిలిందట. నడిచే వచ్చింది. చెవుల పైన బంగారు గెంటీలున్నాయి. స్కాన్‌కు తీయమంటే నా మీదికి లేచింది.

"సచ్చేటోళ్లకు తీస్తరు బంగారం. నేనేమన్న సచ్చిన్నా?"

గెంటీలతోనే స్కాన్ తీశాం. మిషన్ "అంతా బాగుంది" అంది. బొమ్మ చూస్తే పుర్రె కింద నెలవంకలా రక్తం! ఏం బాగుంది, నా పిండాకూడు?

ఎక్కడ తప్పిందో అప్పుడు వెలిగింది. మా వైపు స్పృహ తప్పిన ఆడమనిషిని దవాఖానకు తెచ్చేముందు ఇంటివాళ్లు ఒంటి మీది బంగారమంతా ఊడదీస్తారు. తలనొప్పని నడిచొచ్చేవాళ్లు పెట్టుకునే వస్తారు. వేల స్కాన్లు చూసి నా మిషన్ నేర్చుకున్నది ఇంతే: చెవికి బంగారం ఉంటే మనిషి క్షేమం. బొమ్మలో గెంటీల వల్ల పడిన తెల్ల చారలు చెరిపేసి మళ్లీ చూపించాను. వెంటనే "రక్తస్రావం" అని ఎర్రగా వచ్చింది.

పరుగెత్తి నవనీత్‌కు చూపించాను.

"ఉజ్వలా, రేపు ఉద్ఘాటన్ పెట్టుకొని గిదేం లొల్లి? నార్మల్ అని రిపోర్టు ఇచ్చేసినం. గోలీలిచ్చి పంపు. ఎల్లుండి పిలుస్తం."

"ఎల్లుండికి ఆమె ఉండదు సార్."

"గట్లయితె నువ్వు గూడ ఉండవు. ఈడనే కాదు, ఏ ల్యాబ్‌ల ఉండవు. సమజైందా?"

మెదడు మీద ఇన్నేళ్లు చదివిన చదువు గంగపాలే. భయమేసింది, అబద్ధమెందుకు? అయినా నోరు ఆగలేదు. "థూ, నీ ఉద్ఘాటన్ పాడుగాను!" అని బయటికొచ్చాను.

రాజక్క భర్త ఇస్తారి అప్పటికే ఆమెను బస్టాండుకు బయల్దేరదీశాడు. మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డాను.

"మామా, ఆ మిషన్ నేనే చేసిన. అది తప్పు చెప్పింది. అత్త తలల నెత్తురు కారుతుంది. ఆపరేషన్‌కు నాగపూర్ పోవాలె, ఇప్పుడే."

"గిప్పుడే మంచిగుందంటిరి, గిప్పుడే నెత్తురంటరు! మమ్ముల పిచ్చోళ్లను చేస్తుండ్రా?"

ఒక్క తోపు తోశాడు. పడ్డాను. లేచి మళ్లీ ఆయన చెయ్యి పట్టుకున్నాను. అంతలో రాజక్క వాంతి చేసుకుని మెట్ల మీదే కూలబడింది. ఇస్తారి ఆమెను చేతుల్లోకి ఎత్తుకున్నాడు, నేను అంబులెన్సును పిలిచాను.

అంబులెన్సు నాగపూర్ దారిలో వరోరా దాటుతుండగా నన్ను ఉద్యోగంలోంచి తీసేశారని ఫోనొచ్చింది. ఫోన్ పక్కన పడేసి రాజక్క కళ్లు మూతపడకుండా గిచ్చుతూ కూర్చున్నాను.

"అత్తా, నీ పేరేంది? చెప్పు, నీ పేరేంది?"

"నీ మొకం మండ! సావనియ్యవు, బతకనియ్యవు. నీ మిషన్‌ను పెంటల పారెయ్యి!"

అక్కడ మొదలుపెట్టి డాక్టర్‌నూ, నన్నూ, నన్ను కన్నవాళ్లనూ వరసగా తిట్టింది. ఒక్క మాటా తడబడలేదు. మెదడులో మాటలుండే చోటికి ఇంకా ఏమీ కాలేదన్నమాట. నాకు ఏడుపు ఆగలేదు.

"ఇంకా తిట్టు అత్తా," అన్నాను. "నాగపూర్ వచ్చేదాకా తిడుతనే ఉండు."