ముదరని పొర

నాగన్నకు లోకంలో ఎవరంటేనూ లెక్కలేదు. ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం నాగన్నంటే లెక్కే. కంటి శిబిరం వాళ్ళ జీపు వచ్చినప్పుడల్లా ముసలీ ముతకను పోగుచేసి ఎక్కించేది అతనే. ఎవరు ఎక్కాలో ఎవరు ఆగాలో తేల్చేదీ అతనే. గడ్డం పట్టుకుని ముఖం ఎండకు తిప్పి, బొటనవేలితో రెప్ప పైకి లాగి, ఒక్క చూపు చూసేవాడు. నల్లగుడ్డు మీద తెల్లగా కనబడితే "ముదిరినాది, ఎక్కు" అనేవాడు. కనబడకపోతే "ఇంకా పచ్చిగా ఉండాది, పో" అనేవాడు. ఎక్కినవాళ్ళు చూపుతో తిరిగొచ్చారు కాబట్టి జనం అతనికి పొరల నాగన్న అని పేరు పెట్టారు. ఆ పేరు కాస్తా నెత్తికెక్కింది.

ఇంత ఘనుడికీ తెలిసిన కంటిజబ్బు ఒక్కటే, ముసలితనంలో శుక్లం కమ్మే పొర. ఇంకోటి ఉందని ఎవరైనా అంటే వాళ్ళ వంక జాలిగా చూసేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

అలాంటివాడి ఇంట్లోనే కూతురు ఉమాదేవి సోడాబుడ్డి కళ్ళద్దాలతో తిరగడం అతనికి తలవంపుగా ఉండేది. డిగ్రీ అయిన పిల్ల. పోలీసు కానిస్టేబులు కావాలని పట్టుబట్టి చీకటితోనే లేచి బెంగుళూరు రోడ్డు మీద పరుగెత్తేది. పరుగులో ఆ పిల్లను పట్టేవాళ్ళు లేరు. కానీ పోలీసు కంటి పరీక్షకు కళ్ళద్దాలు తీసెయ్యాలి, అవి లేకుండా గట్టెక్కే దారి లేదు. పైగా అద్దాలు మార్చిన కొన్నాళ్ళకే మళ్ళీ మసక. లేజరు చేయించుకుంటే అద్దాలతో పని ఉండదని కోచింగులో తోటిపిల్లలు చెప్పారు. అనంతపురం పోదామని ఉమ నాయన వెంటపడింది. నాగన్న మొదట నవ్వాడు, తర్వాత కసిరాడు, చివరికి ఆ డాక్టర్లకెంత తెలుసో చూద్దామని బయల్దేరాడు.

ఆస్పత్రిలో అడుగు పెట్టినప్పట్నుంచీ అతనికి అన్నీ వంకలే. అద్దాల తలుపులు చూసి పెళ్ళికొచ్చామా అన్నాడు. ఉమ గడ్డం ఆనించి కూర్చుంటే, వెలిగే వలయాల గిన్నె లాంటి మిషనొకటి కంట్లోకి చూసింది. ఆ మాత్రం చూడ్డానికి తన బొటనవేలు చాలదా అనుకున్నాడు. అన్నిటికంటే డాక్టరమ్మను చూసి వొళ్ళు మండింది. హేమలత అని పేరు, ఉమకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. తాను పొరలు చూడ్డం మొదలుపెట్టిననాటికి ఈమె పుట్టనైనా పుట్టిందా అనిపించింది.

ఉమకు కంట్లో చుక్కలేసి బయట బల్ల మీద కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. సంగతేదో తనకు చెప్పమని, కళ్ళ విషయం తనకు కొత్త కాదని నాగన్న ఒక్కడే లోపలికి పోయి కుర్చీలో చేరగిలబడ్డాడు. డాక్టరమ్మ తెర మీద ఒక పటం చూపించింది. కంటి ముందుభాగం ఆకారమట. చుట్టూ నీలం, పచ్చ, కిందివైపు ఎర్రటి మచ్చ. జాతరలో బొమ్మల కొట్టు గుర్తొచ్చి నాగన్న ముక్కులోనే నవ్వుకున్నాడు.

"కన్ను ముందర అద్దంలాంటి పొర ఒకటుంటుంది. అది బంతిలా గుండ్రంగా ఉండాలి. మీ అమ్మాయికి కోడిగుడ్డు మొనలా ముందుకు పొడుచుకొచ్చింది. పొర బాగా పల్చబడింది. లేజరు చెయ్యకూడదు," అందామె.

ఎందుకు చెయ్యకూడదో కూడా ఓపిగ్గా చెప్పింది. లేజరంటే ఆ పొరను మూతలా లేపి, కింద కొంచెం చెక్కి, మళ్ళీ మూత వేయడమేనట. ముందే పల్చబడినదాన్ని చెక్కితే నిలవదట. ఇదంతా నాగన్న చెవిన పడలేదు. పడింది మూడే మాటలు. పొర, పల్చన, చెయ్యకూడదు. మూడూ కలిపి తన భాషలోకి తిప్పుకున్నాడు. పొర ఇంకా పచ్చిగా ఉంది, ముదరలేదు. ఓస్, ఇంతేనా! ఈ ముక్క చెప్పడానికి అంత చదువా? చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

"తెలిసిందిలేమ్మా," అని లేచాడు.

"ఆగండి, అసలు చెప్పాల్సింది ఇంకా ఉంది. దీన్ని ఇలాగే వదిలేస్తే," అని ఆమె అంటుండగానే తలుపు దాటాడు. పటం కాగితం బల్ల మీదే ఉండిపోయింది.

ఉమ ఏమన్నారని అడిగింది. ముదరలేదంట, ముదిరినాక తీస్తారంట, అన్నాడు. పొర ముసలోళ్ళకు కదా నాయనా వచ్చేది, అంది ఆ పిల్ల. నాకు చెప్తాండావా, అన్నాడు. ఉమకు మనసొప్పలేదు. కానీ ఇంట్లో అవ్వ రెండు కళ్ళూ నాయన చేతుల మీదుగానే బాగయ్యాయి. పైగా డాక్టరమ్మ చెప్పిన మాటే కదా అనుకుని ఊరుకుంది. ఆస్పత్రి నుంచి ఫోన్లు వస్తే నాగన్న ఎత్తి, ఆపరేషన్లు అమ్ముకునేదానికి మా ఇల్లే దొరికిందా అని తిట్టి పెట్టేశాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

శెనక్కాయలు మిషనుకు కొట్టే కాలం వచ్చింది. కళ్ళం నిండా దుమ్ము. ఉమ కళ్ళు ఎర్రబడి దురద పెట్టేవి. రెండు పిడికిళ్ళతో కళ్ళు నలుపుకునేది. తల్లి తిరుపాలమ్మ చూడలేక నలపొద్దని మొత్తుకుంటే నాగన్న అడ్డం పడ్డాడు.

"నలుపుకోనీలే. కాయను నలిపితేనే గదా బిరీన పండేది," అన్నాడు.

ఆ మాట మీద తనే మురిసిపోయి, రచ్చకట్ట దగ్గర నలుగురికీ చెప్పుకున్నాడు. ఆ ఏడాది పోలీసు కంటి పరీక్ష రానూ వచ్చింది, పోనూ పోయింది. వచ్చే ఏటికి ముదురుతుందిలే అన్నాడు. ఆలోగా ఉమకు ఒక దీపం మూడు దీపాలుగా కనబడసాగింది. చదువుతుంటే అక్షరాలకు తోకలు మొలిచేవి. ఎన్ని అద్దాలు మార్చినా అవి పోలేదు. ఆమె పరుగు మానలేదు. రోడ్డు గుంతలు కాళ్ళకు బాగా గుర్తు.

ఒకరోజు తెల్లారేసరికి కుడికన్ను మంట, నీళ్ళు, నొప్పి. రెప్ప తెరిస్తే అంతా పాలపొగ. ఉమ కేక విని నాగన్న వచ్చి, గడ్డం పట్టి ముఖం వాకిలి వెలుగుకు తిప్పి, బొటనవేలితో రెప్ప లాగాడు. నల్లగుడ్డు మీద ఇంత తెల్లమచ్చ.

పిల్ల నొప్పితో వణికిపోతుంటే ఆ మహానుభావుడి ముఖం వెలిగింది. "ముదిరినాది. నేను చెప్పలే?" అని భార్య వైపు తిరిగి మీసం దువ్వాడు. సిగ్గులేని సంతోషం అది. వెంటనే ఆటో పిలిపించి, అనంతపురం బస్సెక్కించాడు. దారిపొడవునా కనబడినవాళ్ళకల్లా కూతురి పొర ముదిరిన కబురు చెప్పాడు. ఉమ కిటికీకి తల ఆనించి, చున్నీ కంటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

హేమలత లైటు వేసి కన్ను చూసింది. నాగన్న గొంతు సవరించుకుని, ముదిరినంక తీసుకొచ్చినా తల్లీ, ఇంక నీదే ఆలస్యం, అన్నాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసి, ఉమ చెయ్యి పట్టుకుని, మీ నాన్నగారిని బయట కూర్చోబెట్టనా అని అడిగింది.

"పో నాయనా," అంది ఉమ.

బయట హాలునిండా ముసలివాళ్ళే. నాగన్న గొణుక్కుంటూ కూర్చున్నాడు. పక్కన కూర్చున్న పొరుగూరి తిప్పమ్మ అతని గొంతు గుర్తుపట్టి పలకరించింది. పొరల నాగన్నే దొరికాడని ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తన పొర ముదిరిందో లేదో కాస్త చూడప్పా అని ముఖం ముందుకు చాపింది. అడిగిందే చాలు. నాగన్న గడ్డం పట్టుకుని ముఖం వెలుగుకు తిప్పి, బొటనవేలు రెప్ప మీద పెట్టాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఉమ కుడికంటికి కట్టుతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"ముదిరిందంట నాయనా. తీసేస్తారంట. నలిపి నలిపి లోపల పొర చిట్లి నీళ్ళు దిగినాయంట. ఈ మచ్చ అణిగినంక కంటి ముందర పొరను కోసి తీసేసి, చచ్చిపోయినోళ్ళ కన్ను ఎవరన్నా ఇస్తే, దాని పొర తెచ్చి నాకేస్తారంట. ఎడమ కంటికి మందు పోసి, లైటేసి, గట్టి చేస్తారంట. ఆ పొద్దు నువ్వు లేచి రాకుండా ఉంటే రెండిటికీ అదే చేసుందురంట. ఫోన్లు కూడా చేసినారంట."

నాగన్నకు పోలీసు పరీక్ష గుర్తొచ్చింది. వేలు మాత్రం తిప్పమ్మ రెప్ప మీదే ఉండిపోయింది. ఆ ముసలమ్మ ముఖం చాపుకుని తీర్పు కోసం కాచుకుని ఉంది.

ఉమ వంగి ఆ చేతిని తీసి అతని ఒళ్ళో పెట్టింది.

"అవ్వా, ఈయనకు సూపీవద్దు," అంది. "రా, లోపల డాక్టరమ్మకు సూపీ."