అంచు మీది నంబరు

"చరితా, ఇది కాస్త చదివిపెట్టు" అంటూ మనోహర్ పతకాన్ని వేళ్ల కొసలతో పట్టుకుని లైటు కిందికి జరిపాడు. అరచెయ్యి తగిలితే లోహం మీద మచ్చ పడుతుందని ఆయన భయం. కంట్లో పొర మొదలయ్యాక అంచు మీద చెక్కిన సన్నటి అక్షరాలు చదివే పని భార్య చరిత మీద పడింది.

ఫార్మా కంపెనీలో రిటైరైన దగ్గర్నుంచీ ఆయన లోకం పతకాలే. శౌర్యానికిచ్చేవి పట్టవు. ఇన్నేళ్లు కొలువు చేసినందుకు ఇచ్చేవి, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లు నిండాయని ఆ రోజుకు సైన్యంలో ఉన్నవాళ్లందరికీ పంచేవి, అవే ఏరుకొస్తాడు. "వీరుడి పతకం ఎవడైనా దాచుకుంటాడోయ్. రోజూ డ్యూటీకెళ్లినవాడిది ఎవడు దాస్తాడు?" అంటాడు.

ఈ మూడూ కిందటి వారం ఇక్కడ అమెరికాలోనే, రాలీ నగరంలో జరిగిన కాయిన్ షోలో దొరికాయి. ఒకే మనిషివి, ఒకే చోట, రిబ్బన్లతో సహా. అలా దొరకడం అరుదని వారమంతా చెప్పాడు.

చరిత భూతద్దం పెట్టి చదివింది. ముందు నంబరు, తర్వాత హోదా, పేరు. హవల్దార్ ఎన్. వీరాస్వామి. మళ్లీ నంబరు దగ్గరికొచ్చింది. చివర 4719.

ఆ నాలుగంకెలు ఆమె వేళ్లకు తెలుసు. ఇదే వీధిలో ఉండే జ్ఞానప్రసూన ఇంటి గరాజ్ తలుపు తెరిచే కోడ్ అది. వాళ్లు ఊరెళ్లినప్పుడల్లా మొక్కలకు నీళ్లు పోసేది, పార్సిళ్లు లోపల పెట్టేది చరితే. "మా నాన్న ఆర్మీ నంబర్లో చివరివి. ఎక్కాల కంటే ముందు నాకు ఆ నంబరొచ్చింది. కవరు మీద అది రాయకపోతే నాన్నకి ఉత్తరం అందేది కాదు" అని ప్రసూన ఎన్నిసార్లు చెప్పిందో. నాన్న వీరాస్వామిగారి పతకాలు విశాఖలో తమ్ముడి ఇంట్లో దేవుడి గూట్లో ఉన్నాయని కూడా అన్నిసార్లూ చెప్పింది.

ఆ తమ్ముడు ఆదిశేషు అక్కను చూడ్డానికి వచ్చాడు. ఇవాళ అక్కాతమ్ముళ్లిద్దరికీ భోజనం ఇక్కడే.

"ఇవి వాళ్ల నాన్నవండీ" అంది చరిత.

మనోహర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను దొంగసొత్తు కొనలేదు. బిల్లుంది."

"బిల్లు సంగతి కాదు. తమ్ముడు అమ్మేశాడని తెలిస్తే ఆవిడ ఏమైపోతుంది? అదీ మన ఇంట్లో తెలిస్తే?"

"అతనే అమ్మాడని నీకెవరు చెప్పారు? ఇల్లు మారేటప్పుడు పోయుండొచ్చు. నేను అతనికివాళ ఇవే చూపిద్దామనుకున్నాను."

"చూపించకండి. మీకు దణ్ణం పెడతాను."

ఆయన మూడు పతకాల్నీ బల్ల మీద వరసగా పేర్చడం మొదలుపెట్టాడు. చరితకు ఆపరేషనైనప్పుడు ఆస్పత్రి కుర్చీలో నిద్రపోయిన మనిషి ప్రసూన. ఈ దేశంలో చరిత తలుపు కొట్టకుండా వెళ్లగలిగే ఇల్లు అదొక్కటే. దాన్ని పోగొట్టుకోవడం ఆమె వల్ల కాదు. కాలింగ్ బెల్ మోగింది. చరిత మూడు పతకాలూ దోసిట్లోకి తీసుకుని గబగబా మెట్లు దిగి, వంటింట్లో స్టౌ పక్కన చేతిగుడ్డల డ్రాయర్లో తువ్వాలు కింద తోసేసింది.

భోజనాల దగ్గర ప్రసూన తమ్ముణ్ణి వదల్లేదు. "నాన్న మెడల్స్ తెమ్మంటే తేలేదు వీడు. మనోహర్‌గారు ఫ్రేమ్ కట్టించి పెట్టేవారు కదా?"

"ఎయిర్‌పోర్టులో లోహాలంటే వంద ప్రశ్నలక్కా" అన్నాడు ఆదిశేషు, పప్పు కలుపుకుంటూ.

"ఆవకాయ జాడీ తెచ్చినోడికి ప్రశ్నలు భయమా?"

అందరూ నవ్వారు. మనోహర్ నవ్వలేదు. "మీ నాన్నగారు ఏ రెజిమెంటండీ?" అన్నాడు. బల్ల కింద చరిత ఆయన పాదం గట్టిగా తొక్కింది. ఆయన మంచినీళ్లు తాగాడు.

పెరుగు దాకా వచ్చేసరికి ప్రసూన లేచింది. "కాఫీ నేను పెడతా. నీ కాఫీ తాగితే మావాడు అమెరికాలో నీళ్లు బాగోలేవంటాడు."

"వద్దక్కా, నువ్వు కూర్చో" అంది చరిత.

"నీ వంటిల్లు నాకు కొత్తా?"

చరిత లేవబోయింది. ఆదిశేషు మజ్జిగ అడిగాడు. పోస్తుండగా వంటింట్లో సుయ్‌మని చప్పుడైంది, పాలు పొంగాయి. వెంటనే డ్రాయరు లాగిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. మజ్జిగ గ్లాసు నిండి పళ్లెంలోకి కారింది.

ఆమె వెళ్లేసరికి ప్రసూన తువ్వాలుతో స్టౌ తుడుస్తోంది. డ్రాయరు మూసి ఉంది. ఎప్పుడూ మెళ్లో వేలాడే కళ్లజోడు మాత్రం కళ్లకుంది.

"అక్కా" అంది చరిత.

"కప్పులు తియ్యి" అంది ప్రసూన, తలెత్తకుండా.

కాఫీలు తనే తెచ్చింది. తమ్ముడి ముందు కప్పు పెట్టి, అక్కడే నిలబడింది. "శేషూ, నాన్న మెడల్స్ బాగానే ఉన్నాయా?"

ఆదిశేషు కప్పు అందుకున్నాడు. చక్కెర కలిపాడు. "ఉన్నాయక్కా. నీ మరదలు రోజూ దీపం పెడుతుంది."

ప్రసూన తమ్ముడి నెత్తి మీది తెల్లవెంట్రుకల్ని కాసేపు చూసింది.

"పెట్టమను" అంది. "చల్లారకుండా తాగు."

వాళ్లు వెళ్లిపోయాక మనోహరే పతకాలను పత్తిలో చుట్టి డబ్బాలో పెట్టాడు. "అతను ఊరెళ్లాక ప్రసూనకి ఇచ్చేసి రా. ఇవి పైనుంటే నేనా గదిలో కూర్చోలేను."

ఆదిశేషు విమానమెక్కిన మర్నాడు చరిత డబ్బా పట్టుకుని వెళ్లింది. అలవాటుగా గరాజ్ దగ్గర నాలుగంకెలు నొక్కింది. ఎర్రలైటు వెలిగింది. మళ్లీ నొక్కింది. మళ్లీ ఎర్రలైటే. తిరిగి వెళ్లిపోదామనుకుంది. చివరికి కొత్తవాళ్లలా ముందు తలుపు దగ్గరికెళ్లి బెల్ కొట్టింది.

ప్రసూన తలుపు తీసి, ఆమె చేతిలోని డబ్బా చూసింది. తీసుకోలేదు.

"నీకు ముందే చెప్పాల్సింది అక్కా. దాచాను, తప్పే. మీ నాన్నగారివి ఇవి, నువ్వే ఉంచుకో."

"మా నాన్నవి విశాఖలో ఉన్నాయి. దీపం పెడుతున్నారు. నువ్వూ విన్నావుగా."

"అక్కా, నంబరు..."

"వీరాస్వాములు ఎంతమంది లేరు" అంది ప్రసూన. గొంతులో కోపం లేదు. గుమ్మాన్ని మాత్రం గట్టిగా పట్టుకుంది. "ఇవి తీసుకుంటే నాకు తమ్ముడు ఉండడు చరితా. పుట్టింటివాళ్లలో వాడొక్కడే మిగిలాడు."

చరిత డబ్బా వెనక్కి లాక్కుంది. లోపల లోహం కదిలి చిన్నగా చప్పుడైంది. ప్రసూన చూపు ఒక్కసారి దాని మీదికి వెళ్లి వచ్చింది.

"మనోహర్‌గారిని జాగ్రత్తగా పెట్టమను. తుడవొద్దను" అంది. చరిత మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచింది. "గురువారం డాలస్ వెళ్తున్నాం. మొక్కలకి నీళ్లు పోస్తావుగా. కొత్త కోడ్ మెసేజ్ చేస్తాను."