ఐలేశం చూపు, రజాక్ రెక్క

ఓర్వలేనివాడి చూపు సోకితే చక్కటి వస్తువు పాడవుతుందన్న మాటను మహబూబ్‌నగర్‌లో కాదనేవాళ్లు అరుదు. హిందువులు దాన్ని దిష్టి అన్నారు, ముస్లింలు నజర్ అన్నారు. విరుగుడుగా ఇరువురూ పెట్టేది కాటుక చుక్కే. 1989 ఎండాకాలంలో, ఎవరూ తలపెట్టకుండానే, ఆ నమ్మకానికి ఒక పరీక్ష జరిగింది.

అక్కడి ఒక కళాశాలలో నమూనా విమానాల సంఘం ఉండేది. భౌతికశాస్త్రం బోధించే శ్యామలమ్మ దాన్ని నడిపేది. ఏటా హైదరాబాదులో జరిగే పోటీకి ఒకే విమానం వెళ్లేది. రెక్క చేసినవాడు వెంట వెళ్లేవాడు. చాలాకాలంగా అలా వెళ్తున్నవాడు వడ్రంగి ఐలేశం. బాల్సా అనే తేలికపాటి చెక్కను చెక్కి, పల్చటి కాగితం అంటించి, పైన డోపు అనే వార్నిష్ పూసి అతడు చేసే రెక్కలు ఈకల్లా ఉండేవి. ఊళ్లో తలుపులు చేసే వడ్రంగులు ఎందరో ఉన్నారు. ‘విమానాల ఐలేశం’ మాత్రం ఒక్కడే.

ఆ యేడు రజాక్ వచ్చాడు. ఆటోల మడ్‌గార్డులకు, నీళ్ల తొట్లకు ఫైబర్ పని చేసే మనిషి. చెక్క మీద ఫైబర్ గ్లాస్ గుడ్డ పరిచి, రెజిన్ అనే జిగురు ద్రవం పోసి, అట్టముక్కతో సాపుగా లాగి, ఆరిన తర్వాత ఆ చెక్కను నేలకేసి కొట్టి చూపించాడు. విరగలేదు. తెల్లటి గుడ్డ రెజిన్ తడికి అద్దంలా మారిపోతుంటే విద్యార్థులంతా అతడి చుట్టూ మూగారు. ఐలేశం బల్ల దగ్గర ఎవరూ మిగలలేదు.

"ఈసారి చెరొక రెక్క చెయ్యండి. గట్టిగా నిలిచినదాన్ని పంపుదాం" అంది శ్యామలమ్మ.

ఐలేశం చేతులు తన రెక్క మీద ఉన్నా, కళ్లు ఎదుటి బల్ల మీదే ఉండేవి. రజాక్ పనిలో తప్పు వెదికేవాడు. దొరకనప్పుడు కడుపులో మంట ఇంకా పెరిగేది. రజాక్ చాయ్ తెచ్చి ఇస్తే, గెలుపు ఖాయమనుకున్నవాడు చూపే జాలిలా తోచి, అది చల్లారిపోయేదాకా ముట్టేవాడు కాదు.

"ఏందే ఐలేశం, ఆ రెక్కను చూస్తున్నవా, మింగుతున్నవా?" అన్నాడు అటెండర్ లచ్చయ్య.

"జర నీ పని నువ్వు చూస్కోరాదు!"

ఆ ఎకసెక్కం రజాక్ తల్లి హుస్సేన్ బీ చెవిన పడింది. మరునాడు అన్నం గిన్నెతో వచ్చి, ఇంకా గుడ్డ పరవని రెక్క మీద ఆముదంలో నూరిన కాటుకతో రూపాయి బిళ్లంత చుక్క పెట్టింది.

"తెల్లరంగు కింద నల్లగ కనవడ్తది గదా అమ్మీ!"

"కనవడనీ బేటా. చూసే కన్ను దాని మీదనే పడాలె."

ఆమె వెళ్లాక రజాక్ నవ్వుకుంటూ చుక్కను పాతగుడ్డతో తుడిచేశాడు. నలుపు పోయింది. నూనె మాత్రం చెక్కలోకి ఇంకి, అరచేయంత మరకైంది. అచ్చుల్లో పోత పోయడమే తెలిసిన రజాక్‌కు చెక్క కొత్త. ఆ మరకను లెక్కచేయలేదు.

ఐలేశం లెక్కచేశాడు. నూనె తాగిన చెక్క దేన్నీ పట్టుకోదని తలుపులకు పాలిష్ వేసే ప్రతి వడ్రంగికీ తెలుసు. గరుకు కాగితంతో గీకి, థిన్నరుతో తుడిస్తే సరిపోతుంది. ఒక్క మాట చాలు.

"రజాకూ!"

"ఏందన్నా?"

ఐలేశం తన బల్ల వైపు తిరిగాడు. "ఏం లేదు. గుడ్డ మంచిగ పరుచు."

రెజిన్ ఆరింది. తెల్లరంగు పడింది. ఎంపిక రోజున, ఏది తట్టుకుంటుందో చూడటానికి రెండు రెక్కలనూ మైదానంలో ఎండకు పెట్టారు. కాసేపటికి రజాక్ రెక్క మీద ఒకచోట గుడ్డ అప్పడంలా పొంగింది. శ్యామలమ్మ వేలితో నొక్కితే లోపలికి దిగింది.

"గా చూపుకు బండ అయినా ఆగుతదా?" అన్నాడు లచ్చయ్య. విద్యార్థులు ఐలేశం వైపు చూశారు. ఒకడు తన విమానాన్ని వీపు వెనక్కి దాచుకున్నాడు. ఐలేశం మొహం కందిపోయింది.

"నా కన్ను గాదు! గా కాటుక నూనె చెక్కల ఇంకింది, అందుకే గుడ్డ లేచింది!"

శ్యామలమ్మ కత్తితో పొంగును కోసింది. కింద జిడ్డు మరక ఉంది. మరక దాటిన చోట గుడ్డ కత్తికి కూడా లేవలేదు.

"నిజమే, కన్ను గాదు" అన్నాడు రజాక్. "మరి గప్పుడు నన్ను పిలిచి ఏం లేదన్నవు గదన్నా. గిది చెప్పనీకేనా పిలిచింది?"

ఐలేశం వంగి తన రెక్క మీది దుమ్ము తుడవసాగాడు.

శ్యామలమ్మ ఎంపికను మూడు రోజులు వాయిదా వేసింది. రజాక్ ఆ భాగాన్ని కత్తిరించి, చెక్కను గీకి, థిన్నరుతో తుడిచి, కొత్త గుడ్డ పరిచాడు. తల్లిని చుక్క పెట్టనివ్వలేదు. ఐలేశం ఎదుటి బల్ల దగ్గర నిలబడి, మునుపటికన్నా ఎక్కువ మంటతో, పని పూర్తయ్యేదాకా చూశాడు.

మళ్లీ ఎండకు పెట్టినప్పుడు గుడ్డ ఎక్కడా లేవలేదు. రెండింటిలో గట్టిగా నిలిచిన రజాక్ రెక్కే హైదరాబాదుకు వెళ్లింది. వెంట రజాక్ వెళ్లాడు.