ఏడ్పెఱుగని గది

గ్రీష్మమధ్యాహ్నవేళ ప్రచండమార్తాండకిరణసంతప్తంబై యాకైన నల్లాడకుండ, సముద్రతీరమందలి యొకానొక పట్టణంబున న్యాయస్థానభవనంబు వరండాలయందు నల్లకోట్ల న్యాయవాదులును దస్త్రంబులు మోయు గుమాస్తాలును వాయిదాలకై కాళ్లరుగునట్లు తిరిగి సొమ్మసిల్లిన కక్షిదారులును గుంపులై నిలిచియుండగా, పడమటి కొసనున్న చిన్నగదినుండి మాత్రము శిశుహాసకలకలంబు వినవచ్చుచుండెను.

ఆ గదికి గవరమ్మయే యధికారిణి. బిడ్డలు లేని యా వితంతువు మొదట కచేరి వాకిళ్లూడ్చి పొట్టపోసికొనుచుండెను. పూర్వమొకనాడు చంకబిడ్డ గుక్కపట్టి యేడ్చుచుండ సాక్ష్యము చెప్పలేక బోనులో తడబడిన యొక తల్లిని జూచి మనసు కరగిన వృద్ధన్యాయాధిపతి, విరిగిన కుర్చీలతో నిండిన యా గదిని ఖాళీ చేయించి సున్నము వేయించి, కచేరికి వచ్చు తల్లులు కాసైన చెల్లింపక తమ బిడ్డల నచ్చట విడిచిపోవచ్చునని యాజ్ఞాపించి, గవరమ్మను కాపుంచెను. ఆయన గతించిన పిదపను గది నిలిచెను.

బిడ్డల నవ్వించుటయందు గవరమ్మ నేర్పు చెప్పనలవికానిది. బంట్రోతు వరండాలో నిలిచి కక్షిదారుల పేరు ముమ్మారు కేకవేసినప్పుడెల్ల "అదిగో, కోడిపుంజు కూసింది!" అని యామె చేతులు రెక్కలవలె నాడించి కూయగా, బిడ్డలందఱును పకపక నవ్వుచు కూయుదురు. తమ తల్లులు బోనెక్కినారని యా పసివాండ్రకు తెలియనే తెలియదు. అదియే చాలునని యామె మురిసిపోవుచుండెను.

ఆ వేసవిలో భానుమతి యను నొక యిల్లాలు తన యాఱేండ్ల కూతురు హైమను గదికి దోడ్కొనివచ్చెను. వేఱుపడిన భర్త బిడ్డ తనకే దక్కవలెనని వ్యాజ్యము వేసియుండెను. కుట్టుపనితో బ్రదుకీడ్చు నా యిల్లాలికి లోకమున హైమ దక్క వేఱెవ్వరును లేరు.

"దాన్ని ఏడవనియ్యకు అప్పా! దాని ఏడుపు వినపడితే నాకు నోట మాట రాదు" అని యామె అక్కను వేడినట్లు గవరమ్మ చేతులు పట్టుకొని వేడెను.

గవరమ్మ యా మాట జవదాటదయ్యెను. వరండాలో భానుమతి పేరు ముమ్మారు మ్రోగినప్పుడు హైమ యందఱికంటె బిగ్గరగా కూసెను.

భోజనవిరామవేళ, క్రొత్తగా వచ్చిన న్యాయాధిపతి బిడ్డను స్వయముగా జూడ నా గదికేతెంచెను. బొమ్మల పెండ్లిలో మునిగియున్న హైమ తలయైన నెత్తదయ్యెను.

"పాప అమ్మకోసం ఏడ్చిందా?" అని యాయన యడిగెను.

తన గదిని మెచ్చుకొనవచ్చినాడని తలచి గవరమ్మ మోము గర్వముతో వికసించెను. "నేదు బాబూ! ఒక్క కన్నీటిచుక్క రాల్చనేదు. అమ్మ ఊసే ఎత్తనేదు. నా గదిలోకొచ్చిన పిల్ల ఏడిస్తే నా పేరు గవరమ్మే కాదు!"

ఆయన తలయూచి వెడలిపోయెను. తల్లి యెడబాటునకు బిడ్డ యించుకయు చింతింపకుండుట స్వయముగా గాంచితిననియు, సంపన్నుడగు తండ్రి యొద్ద నుండుటయే దానికి మేలనియు సాయంకాలమున తీర్పు వెలువడెను.

తండ్రి చేయిపట్టి కారువైపు నడిపింపగా హైమ యప్పుడేడ్చెను. అమ్మా యమ్మా యని గొంతు చినుగునట్లేడ్చెను. కాని ధర్మాసనమున నప్పు డెవ్వరును లేరు. గవరమ్మ పరుగున బోయి భానుమతి కాళ్లపై బడెను. భానుమతి తిట్టదయ్యెను, శపింపదయ్యెను.

"నేను చెయ్యమన్నదే చేశావప్పా" అని మాత్రమనెను. ఆ మాట గవరమ్మ గుండెను కోసెను.

నాటినుండి గవరమ్మ కూయుట మానెను. గదిలో నే బిడ్డ యేడ్చినను ఊఱడింపదయ్యెను. ఆ రోదనంబు వరండాలు దాటి ధర్మాసనములను చేరెను. విచారణకు భంగము కలుగుచున్నదని యధికారులు మందలింపగా "ఏడవనియ్యండి బాబూ! ఆళ్లకున్న సాక్ష్యం అదొక్కటే" అని బదులుపలికెను. కొన్నాళ్లకు గదికి తాళము పడెను. విరిగిన కుర్చీలు మరల నచ్చటికే చేరెను.

గవరమ్మ మరల చీపురు పట్టెను. నేటికిని బంట్రోతు కేక వినబడినంతనే యామె చీపురాగును. వరండాలో నెవరి బిడ్డయో యేడ్చును. ఎత్తుకొనుటకై యామె చేతులు చాచును. చాచి, మరల వెనుకకు దీసికొనును.