ఎనిమిది మీద గీత

నేను ఒక అట్టచక్రాన్ని. టెలిఫోను శిక్షణ కేంద్రంలో సోమయాజులు మాస్టారు పాత ఫైలు అట్టను రెండు బిళ్ళలుగా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పెట్టి, నడుమ చొక్కాకు వేసే టిచ్ బటను బిగించి నన్ను తయారుచేశారు. పుట్టినప్పటి నుంచీ నాకు కుదురు లేదు. తిప్పితే తిరగడం, తిప్పకపోతే ఎవరు తిప్పుతారా అని తహతహలాడడం, ఇదే నా బతుకు.

నా పని చిన్నదే. టెలిఫోను వాళ్ళు లైను వేగాన్ని బిట్లలో చెబుతారు. కంప్యూటరు వాళ్ళు ఫైలు బరువును బైట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఒకరు గింజలు లెక్కపెడుతుంటే మరొకరు గిద్దలతో కొలుస్తారన్నమాట. ఇక గొడవ రాక ఏమవుతుంది? నా పై కిటికీలో సెకనుకు అరవై నాలుగు కిలోబిట్లు పెడితే, కింది కిటికీలో ఎనిమిది కిలోబైట్లు కనిపిస్తాయి. దేనితో భాగించాలో మరిచిపోకుండా అంచున ఎర్రసిరాతో పెద్ద 8 అంకె వేశారు మాస్టారు.

ఆఖరి రోజు ఆయన ఇంకో మాట చెప్పారు. పంపే ప్రతి మూటకూ చిరునామా చీటీ అంటించాలి, ఆ చీటీల బరువూ లైనే మోయాలి, కాబట్టి కాగితం మీద ఎనిమిది, పనిలో మాత్రం పదితో భాగించండి అన్నారు. అప్పటికి నన్ను చేసేశారు. ఆ మాట నా మీద ఎక్కలేదు. నా యజమానురాలు, శిక్షణకొచ్చిన నూకరత్నం, విన్నది, తల ఊపింది, నన్ను సంచిలో వేసుకుని నర్సీపట్నం బస్సెక్కింది. చేతిలో చక్రం ఉండగా నోటిమాట ఎవరికి గుర్తుంటుంది?

నర్సీపట్నంలో ఒక చిన్న కంటి కేంద్రం ఉండేది. అక్కడ కంటి లోపలి ఫొటో తీసి, లైను మీద విశాఖలోని డాక్టరుగారికి పంపేవారు. లైను అరవై నాలుగన్నారు గానీ అందులో వీసమెత్తు రావడం లేదని అక్కడి టెక్నీషియను అరుణజ్యోతి ఫిర్యాదు చేస్తే, చూడడానికి నూకరత్నం వెళ్ళింది. సంచిలో నేను.

మేం వెళ్ళేసరికి ఏటికొప్పాక లక్కబొమ్మల సన్యాసయ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఒక్క కంటిలో ఆ ఉదయం నుంచి నల్లటి నీడ పడుతోందట. అరుణజ్యోతి నాలుగు ఫొటోలు తీసి డాక్టరుగారికి ఫోను చేసింది. కంటి లోపలి పొర ఊడుతున్నట్టుంది, ఫొటో చూస్తేనే ఈ రోజు ఆపరేషన్లలో చేరుస్తాను, ఒంటిగంటకు థియేటర్లోకి వెళితే మళ్ళీ రేపే, రేపటికి నీడ నడిమికి వస్తే చూపు దక్కడం కష్టం అన్నారాయన. అప్పుడు పన్నెండూ ముప్పై అయిదు.

నాలుగు ఫొటోలూ కలిపి పన్నెండు మెగాబైట్లు. అరవై నాలుగూ కిలోబైట్లే అనుకుని భాగించి, మూడు నిమిషాల పనేనని అరుణజ్యోతి ధీమా. నూకరత్నం నన్ను బయటికి తీసి తిప్పింది. సెకనుకు ఎనిమిది కిలోబైట్లు, అంటే ఇరవై అయిదు నిమిషాలు. సరిగ్గా ఒంటిగంటకు చేరతాయన్నాను. నేనే అన్నాను. నాలుగింటినీ ఒకే మూట కట్టి పంపడం మొదలుపెట్టారు.

పన్నెండూ యాభైకి తెర మీద నూటికి అరవై పాళ్ళు కనిపించాలి. నలభై ఎనిమిదే కనిపించింది. మాస్టారి పది అప్పుడు గుర్తొచ్చింది నూకరత్నానికి. మూట మొత్తం చేరితే గానీ విప్పుకోదు, మొత్తం చేరాలంటే ఇంకా పదహారు నిమిషాలు పడుతుంది. ఉన్నవి పది. ఆవిడ చెమట చేతుల్లో నేను నానిపోతున్నాను. నోరుంటే, తప్పు నాదేనని అరిచేదాన్ని.

నూకరత్నం పంపడం ఆపేసింది.

"ఇంత పోయాక ఆపేత్తే ఎలా మేడమ్?" అంది అరుణజ్యోతి.

"సగం మూట సేరితే ఏటి లాభం? పదితో భాగిస్తే ఒక్క ఫొటోకి ఎనిమిది నిమిషాలు. ఏ ఫొటోనో నువ్వే సెప్పు."

అరుణజ్యోతి సన్యాసయ్య వైపు తిరిగి, నీడ ఎటునుంచి వస్తోందని అడిగింది.

"కిందనుండి లెగుస్తందమ్మా. పొద్దున్న బొటనేలంత ఉండీది. ఇప్పుడు మీ నడుం దాకా కనిపించట్లేదు."

కంటిలో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, నీడ కిందుంటే పొర చిరుగు పైన ఉంటుంది. అరుణజ్యోతి కంటి పైభాగం ఫొటోను ఎంచి పంపింది. ఆ ఎనిమిది నిమిషాలూ ముగ్గురూ తెరనే చూశారు, అందులో ఒకరికి తెర సగమే కనిపించింది. ఒంటిగంటకు నిమిషం ముందు ఫోను మోగింది. పడుకోబెట్టి తీసుకురండి, పేరు రాసుకున్నానన్నారు డాక్టరుగారు.

సన్యాసయ్యను ఎక్కించుకుని జీపు కదిలాక నూకరత్నం పెన్ను తీసి నా 8 మీద అడ్డంగా గీత గీసి, పైన 10 అని రాసింది. సిగ్గేసింది నాకు. తరవాత హాయిగా కూడా అనిపించింది.

ఆరు నెలలకు సన్యాసయ్య, నూకరత్నం పనిచేసే టెలిఫోను ఎక్స్‌ఛేంజీకి వచ్చాడు. చూపు నిలబెట్టిన అమ్మకు ఏదైనా చేసివ్వాలని, నమూనాకు నన్ను అడిగి పట్టుకెళ్ళాడు. అంకుడు కర్రతో నా కవలనే చేసి, పసుపు, ఎరుపు లక్క పూసి తెచ్చాడు. ఆయనకు చదువు రాదు. అందుకని కొట్టేసిన 8, దాని మీది గీత, పైన 10 అన్నీ ఉన్నవున్నట్టు దించేశాడు.

నూకరత్నం నవ్వబోయి ఆగింది.

"ఆ గీతే కట్టమైపోయిందమ్మా. సరిగ్గొచ్చిందా?" అన్నాడాయన.

"సరిగ్గొచ్చింది బాబాయ్," అంది ఆవిడ, తల ఎత్తకుండా.

ఇప్పుడు లైన్లు వందల మెగాబిట్లయ్యాయి. వేగం వంద అన్నారు, పది కూడా రావడం లేదేమని జనం ఇప్పటికీ పోట్లాడుతూనే ఉన్నారు, నన్ను మాత్రం ఎవరూ అడగరు. నూకరత్నం సొరుగులో బటను తుప్పు పట్టి, తిరగలేక, ఊరుకోలేక పడి ఉన్నాను. పక్కనే లక్కచక్రం. నా మీది గీత ఆవిడ చెమటకు నానిన అట్ట మీద గీసింది, కాస్త వంకర. ఆ వంకర కూడా దాని మీద వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది.