రచయిత్రి గారి హోంవర్క్

ఇమోజెన్ ట్రాస్క్ మా దీవికి రావడం అది వరసగా మూడో ఏడు. ఆగస్టులో పుస్తకాల వారం రాగానే టాస్మానియా నుంచి పొద్దుటి పడవలో దిగుతుంది. తన నవల ఎలా అచ్చయిందో మా హైస్కూలు పిల్లలకు గంటసేపు చెప్పి, సాయంత్రం పడవలో వెళ్ళిపోతుంది. స్కూలు లైబ్రరీ చూసుకునేది నేనే కాబట్టి ఆమెను పిలిచేదీ, రేవు నుంచి తీసుకొచ్చేదీ నేనే.

కారెక్కగానే అడిగాను. "రెండో నవల ఎందాకా వచ్చింది?"

"నడుస్తోంది బెరిల్."

పోయినేడూ నడుస్తూనే ఉంది. ఆ నడకకి ఈపాటికి ఆస్ట్రేలియా మొత్తం చుట్టి రావచ్చు. నాకు ఒళ్ళు మండింది. మొదటి నవల అంత బాగా రాసిన మనిషి, ఆ తరవాత ఒక్క పేజీ కూడా రాయకుండా, ఎలా రాయాలో బడిబడికీ తిరిగి చెబుతోంది! ఇలాగే ఇంకో రెండేళ్ళు తిరిగితే రాయడం పూర్తిగా మర్చిపోతుందని నా భయం.

హాల్లో ఉపన్యాసం మొదలైంది. ప్రచురణకర్తలందరూ వద్దన్నారు. ఆమె వానలో తడుస్తూ పోస్టు డబ్బా దగ్గర నిలబడింది. కవరు చింపింది...

"మిస్, ఇక్కడ మీరు కళ్ళు తుడుచుకోవాలి," అంది వెనక బెంచీలోంచి మార్నీ.

మార్నీ రొయ్యల పడవ డంకన్ కూతురు. పద్నాలుగేళ్ళ తోకలేని కోతి. ఇమోజెన్ చెయ్యి అప్పటికే రుమాలు దాకా వెళ్ళింది. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

"పోయినేడు కూడా ఇక్కడే తుడుచుకున్నారు మిస్. మరి కొత్త పుస్తకమేదీ?"

"రాస్తున్నా..."

"నేనూ సైన్సు హోంవర్క్ గురించి అదే చెప్తా. ఎవరూ నమ్మరు. హోంవర్క్ చెయ్యనివాళ్ళు భోజనాల బెల్లు కొట్టగానే లైబ్రరీలో కూర్చోవాలి. మీరూ రండి, తోడుంటా."

ప్రిన్సిపాల్ ఉంటే కసిరేవాడు. ఆయన పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నేను మాత్రం "రూలు రూలే," అన్నాను.

ఇమోజెన్ నవ్వుతూనే వచ్చి మార్నీ ఎదురుగా కూర్చుంది. కాగితం ఇచ్చాను. పెన్సిల్ చెక్కింది. మళ్ళీ చెక్కింది. టీ అడిగింది. తాగి, బాత్రూమ్‌కి లేచింది.

"ఎంత రాశారో చూపించి వెళ్ళండి," అంది మార్నీ, మాంసం కూరిన పఫ్ కొరుకుతూ.

కాగితం తెల్లగా ఉంది. ఇమోజెన్ ముఖం కూడా అలాగే అయింది. మళ్ళీ కూలబడింది.

"భయమే పిల్లా," అంది మెల్లిగా. "మొదటిది రాస్తున్నప్పుడు నేనెవరో ఎవరికీ తెలీదు. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా రెండోదాని కోసం ఎదురుచూస్తున్నారు. అది బాగోలేకపోతే?"

మార్నీ మూతికంటిన సాసు తుడుచుకుని ఆలోచించింది.

"ఇక్కడెవరూ చూడట్లేదు మిస్. మీ మొదటిదే మేమెవ్వరం చదవలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆరు ప్రతులు కొన్నాను, అన్నీ బీరువాలో కొత్తగానే ఉన్నాయి. సర్దిచెబుదామని నోరు తెరిచేసరికి ఇమోజెన్ పకపకా నవ్వడం మొదలుపెట్టింది. బల్లమీద తల పెట్టి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఈసారి రుమాలు వెతుక్కోలేదు, చేత్తోనే తుడుచుకుంది.

తరవాత పెన్సిల్ తీసుకుని రాయడం మొదలుపెట్టింది. ఒక వాక్యం కొట్టేసి ఇంకోటి రాసింది. రెండో కాగితం తనే లాక్కుంది. మార్నీ తన సైన్సు పుస్తకం వదిలేసి, మెడ సాచి, ఆ కాగితాలు తలకిందులుగా చదవసాగింది.

బెల్లు కొట్టారు. పిల్లలందరూ క్లాసులకి పరిగెత్తారు. మార్నీ సంచీ తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"మీ కథలో ఆ కుక్క నీళ్ళలోంచి బయటపడిందా?"

"నాకూ తెలీదు. ఎదురు చూస్తున్నావా ఏంటి?" అంది ఇమోజెన్ తలెత్తకుండా.

"ఛ! ఊరికే అడిగా," అంది మార్నీ. వెనక్కొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.