బంగారు పిల్లి

సంపూర్ణమ్మ గారితో కోడలు సూర్యకళకున్న ఇబ్బందల్లా ఒకటే, ఆవిడ పోట్లాడదు. పన్నెండేళ్ళ కాపురంలో ఒక్క మాట తూలలేదు. మధ్యాహ్నం పూట ఇరుగుపొరుగు కోడళ్ళు అరుగు మీద చేరి అత్తల సంగతులు కలబోసుకుంటుంటే, సూర్యకళ చెప్పుకోడానికేమీ లేక వత్తులు చేసుకుంటూ కూర్చోవలసి వచ్చేది. ఏం అడిగినా ఆవిడ "నీ ఇష్టం అమ్మా" అంటుంది. అని, తన ఇష్టప్రకారం చేసుకుపోతుంది. అలాంటి మనిషి కడుపులో ఏముందో ఎలా తెలుస్తుంది?

అందుకే మంగళవారం పొద్దున్న దొరబాబు చచ్చిపడి కనిపించగానే సూర్యకళ చూపు ముందు అత్తగారి మీదికే పోయింది.

దొరబాబు పిల్లి. నాలుగేళ్ళ క్రితం వానలో తడిసొచ్చి, వీధిగుమ్మంలో కాళ్ళు ముడుచుకుని తగువు తీర్చే పెద్దమనిషిలా కూర్చుంటే సూర్యకళే ఆ పేరు పెట్టింది. అది సంపూర్ణమ్మ గారి బావగారి పేరు. తెలిసి పెట్టిందో తెలియక పెట్టిందో సూర్యకళకే తెలియాలి. బావగారి పేరు నోట పలకకూడదు కనుక ఆవిడ పిల్లిని "వాడు" అనేది, మరీ కోపం వస్తే "ఆయన" అనేది. పేరు పెట్టి పిలవని వాళ్ళకి ప్రేమేముంటుందని సూర్యకళ నమ్మకం.

సోమవారం రాత్రి పెరుగన్నం తిని మూతి తుడుచుకున్న జీవి, తెల్లారేసరికి రోజాకుండీల పక్కన నోట నురగతో బిగుసుకుపోయి ఉంది. భర్త ఉదయభాస్కర్ పెరట్లో గొయ్యి తీసి, చేతులు కడుక్కుని, "పిల్లే కదా కళా, ఇంకోటి తెచ్చుకుందాం" అన్నాడు.

"మీకేమన్నా అయితే నాతోనూ ఇలాగే అంటారు కాబోలు జనం," అంది సూర్యకళ.

ఆయన టిఫిన్ చెయ్యకుండా ఆఫీసుకి వెళ్ళిపోయాడు. చెయ్యడానికి టిఫిన్ కూడా లేదు. మర్నాడు చేపల సూరమ్మ వచ్చినప్పుడు, అలవాటు కొద్దీ దొరబాబు వాటా పరిగెలు కూడా పళ్ళెంలో వేయించుకుని, అప్పుడు గుర్తొచ్చి, సూర్యకళ ఆ పళ్ళెం పట్టుకుని వాకిట్లో అలాగే నిలబడిపోయింది.

నిలబడే ఆలోచించింది. ఆదివారం పాలగిన్నెలో మూతి పెట్టినప్పుడు "వాడికి మూడింది" అన్నదెవరు? అత్తగారు. దొరబాబు ఇంకా గోతిలోకి చేరకముందే కుండీల కింది పళ్ళేలన్నీ ఏరి, బూడిదతో రెండుసార్లు తోమి, అటకెక్కించిందెవరు? అత్తగారే.

"ఇప్పుడెందుకండీ అవి?" అని అడిగితే, "నాచు పట్టాయమ్మా" అంది.

కొని పది రోజులు కాని పళ్ళేలకి నాచేంటి?

శుక్రవారం కంసాలి అప్పాజీ వచ్చాడు.

"అమ్మగారు లేరాండి?"

"గుడికెళ్ళారు. ఏంటి పని?"

"ఏం లేదండి. ఆ పిల్లికి తోక పైకి పెట్టనా, కిందికి పెట్టనా అని అడుగుదామని."

"ఏ పిల్లికి?"

"బంగారప్పిల్లికండి. తెగిన చెవి మాటీ ముక్కిచ్చి, దాంతో చెయ్యమన్నారు." అప్పాజీ నాలిక కరుచుకున్నాడు. "మీకు చెప్పొద్దన్నారండి. ఆ సంగతే మరిచిపోయాను."

పిల్లిని చంపినవాళ్ళు బంగారు పిల్లిని దానమిస్తేగాని పాపం పోదని ఆ చుట్టుపక్కల పలక పట్టిన పిల్లలక్కూడా తెలుసు. సరదాకి ఎవరూ చేయించుకోరు.

"తోక పైకే పెట్టు," అంది సూర్యకళ. "వాడెప్పుడూ దించలేదు."

అప్పాజీ వెళ్ళాక పెరట్లోకి పోయి కాసేపు ఏడ్చింది. ఏడుపయ్యాక మొహం కడుక్కుని, ఇక బయటపడకూడదనుకుంది. బియస్సీ చదివిన మనిషి సాక్ష్యం చేతికందకుండా నోరు జారకూడదు. అత్తగారితో మామూలుగానే మాట్లాడింది. కాకపోతే, ఆవిడ కలిపిచ్చిన కాఫీ మాత్రం రెండు రోజుల పాటు తులసికోటలో పోసింది.

సోమవారం అత్తగారు జరీ చీర కట్టుకుని, "రాజమండ్రి వెళ్ళొస్తానమ్మా, గోదావరి స్నానానికి" అంది.

"నేనూ వస్తానండి."

"ఎండ కదమ్మా."

"గొడుగుందండి."

ఆవిడ కొంచెం తటపటాయించి, "నీ ఇష్టం" అంది. బస్సులో కడియం దాకా దారికి రెండు పక్కలా నర్సరీలే. ఎప్పుడూ కిటికీకి అతుక్కుపోయే సూర్యకళ ఆ రోజు మొక్కలవైపు చూడలేదు. అత్తగారి కొంగుముడి నుంచి కళ్ళు తిప్పలేదు.

కోటిలింగాల రేవులో స్నానాలయ్యాక, తాటాకు గొడుగు కింద కూర్చున్న పురోహితుడు తమలపాకు పరిచాడు. అత్తగారు ముడి విప్పింది. చింతగింజంత పిల్లి, తోక నిలబెట్టుకుని ఆకు మీద కూర్చుంది.

"ఎవరి చేతిలో పోయిందో వారి గోత్రం, పేరు చెప్పండమ్మా."

సూర్యకళ ఒకడుగు ముందుకి జరిగింది. ఇంక తప్పించుకోలేదు కదా అనుకుంది.

అత్తగారు గోత్రం చెప్పింది. తర్వాత మెల్లగా, "సూర్యకళ" అంది.

"నా పేరేంటండీ?"

"మెల్లగా అమ్మా." అత్తగారు నీళ్ళవైపు చూస్తూ అంది. "కుండీల్లో గుళికలు కలిపావు కదా. ఆ నీళ్ళు కింది పళ్ళేల్లోకి దిగాయి. వాడికి గిన్నెలో నీళ్ళకంటే అవే రుచి. ఆ పొద్దున్న వాడి మూతి ఆ పళ్ళెంలోనే ఉంది. నేనే పక్కకి తీసి పడుకోబెట్టాను."

సూర్యకళకి నర్సరీ అబ్బులు గుర్తొచ్చాడు. వేరుపురుగుకని గుళికల పొట్లం చేతికిస్తూ, "ఇవి కలిపాక వారం దాకా కింద పళ్ళేలు పెట్టకండమ్మా, దిగిన నీళ్ళు విషమండి" అన్నాడు. తాను చదివిందే బోటనీ కనుక, మొక్కల సంగతి తనకి తెలుసులెమ్మంది. ఇంటికొచ్చి, కొత్త గచ్చు మీద మరకలు పడతాయని ప్రతి కుండీ కిందా పళ్ళెం పెట్టింది.

"మరి నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"వాడు పోయాడనే అన్నం మానేశావు. నీ చేతిలో పోయాడని తెలిస్తే ఏమైపోతావోనని. నీకు తెలియకుండా ఈ పాపమేదో కడిగించేద్దామనుకున్నాను. నువ్వేమో గొడుగేసుకుని వచ్చావు."

పురోహితుడు ఆకు సర్దుతూ, "పోయిన జీవానికి పేరేమన్నా ఉందాండీ?" అన్నాడు.

అత్తగారు గబుక్కున కొంగు నోటికడ్డం పెట్టుకుని కోడలివైపు చూసింది. ఆ కళ్ళు తడిగా ఉన్నాయి. గోదావరి నీళ్ళేమో అనుకోడానికి లేదు, ఆవిడ తల తుడుచుకుని చాలాసేపయింది.

సూర్యకళ ఆ చింతగింజంత పిల్లిని అరచేతిలోకి తీసుకుంది.

"దొరబాబండి," అంది. పక్క మెట్టు మీద బట్టలు పిండుకుంటున్నవాళ్ళకి కూడా వినబడేలా అంది. "వాణ్ణి చంపింది నేనేనండి. ఇన్నాళ్ళూ మా అత్తగారే చంపారనుకున్నాను. ఆవిడ కాఫీ కూడా తాగలేదు. తప్పు నాదండి, రెండూ నావే."